కాలికి ఆనె, ఊరికి ఏనుగు

చెప్పులు విప్పమనండి

ఈ మధ్య ఒక కుర్ర డాక్టరు మా ఇంటికి వచ్చాడు. పల్లెటూరి ఆస్పత్రిలో కొత్తగా ఉద్యోగం. "పెద్దవారు, ఏదైనా సలహా చెప్పండి సార్" అన్నాడు. "వచ్చిన రోగిని ముందు చెప్పులు విప్పమను" అన్నాను. దాని వెనకాల ఇంకేదో గొప్ప మాట వస్తుందని పాపం కాసేపు కాచుకుని కూర్చున్నాడు. రాలేదు. కాఫీ తాగి వెళ్ళిపోయాడు. అతనికి చెప్పకుండా మిగిలిపోయినదంతా ఇక్కడ రాస్తున్నాను.

నేను పుట్టి పెరిగింది రాయచూరు పట్నంలో. ఇంట్లో తెలుగు, బడిలో ఉర్దూ, బజారులో కన్నడం. డాక్టరు చదువు ముగించాక సిరవారకూ కవితాళకూ మధ్య ఒక ఊరి సర్కారు దవాఖానాలో వేశారు. ఆ ఊరి పేరు రాయను. రాస్తే ఇందులో ఉన్నవాళ్ళ మనవలు నా ఇల్లు వెతుక్కుంటూ వస్తారు. తుంగభద్ర కాలువ నీళ్ళు ఆ నల్లరేగడి నేలల్లోకి అప్పుడప్పుడే పారుతున్న రోజులవి. కోస్తా నుంచి రైతులు పిల్లాపాపలతో వచ్చి, తుమ్మచెట్లు కొట్టి, నేల చదును చేసి వరి వేస్తున్నారు. వాళ్ళు ఇళ్ళు వేసుకున్న చోటునల్లా 'క్యాంపు' అనేవాళ్ళు.

చెట్లయితే కొట్టేశారు గాని ముళ్ళు నేలలోనే ఉండిపోయాయి. మడిలో దిగేవాడు చెప్పులు వేసుకోడు. అందువల్ల గుండె జబ్బుల పుస్తకం పెట్టెలో పెట్టుకుని వెళ్ళిన నేను సర్వీసంతా అరికాళ్ళు చూస్తూ గడిపాను. దీనికి నేను బాధపడ్డానా అంటే, మొదటి ఏడాది పడ్డాను. తర్వాత అలవాటైంది. ఆ తర్వాత ఇష్టమైంది.

పాదంలో గడ్డ లేచినప్పుడు మనిషి దాని కొలత చెప్పే తీరు ఊరిని బట్టి ఉంటుంది. మా రాయచూరువాళ్ళు "శేంగా గింజంత" అంటారు, వేరుశెనగ గింజంత అని. క్యాంపువాళ్ళు "ఉసిరికాయంత" అంటారు. వెంట భార్య ఉంటే ఉసిరికాయ నిమ్మకాయ అవుతుంది. నాట్లు మొదలయ్యే వారం అయితే అదే గడ్డ బత్తాయి అవుతుంది. కనుక చెవులతో కొలవకండి, వేలితో కొలవండి.

వేలితో కొలవడమంటే ఇది. నిటారుగా నొక్కితే అరిచాడా, అది ఆనె. పక్కల నుంచి గిల్లినట్టు నొక్కితే అరిచాడా, అది పులిపిరి. ఎలా నొక్కినా అరవకుండా చర్మం కింద మెత్తగా జారిపోతే కొవ్వు గడ్డ, దాని జోలికి పోకండి. మీరు ముట్టుకోకముందే అరిస్తే అతనికి సెలవు చీటీ కావాలి.

ఆనెకు లోపల వేరుంటుందని జనం నమ్మకం. వేరూ లేదు, మొలకా లేదు. రాపిడికి చర్మమే గట్టిపడి మేకులా లోపలికి దిగుతుంది. ముల్లు విరిగి లోపల ఉండిపోయినా దాని చుట్టూ అలాగే కడుతుంది. ఈ కథంతా అలాంటి ఒక ఆనె గురించే.

గింజలు

అది చెప్పే ముందు ఒక కేసు చెప్పాలి. దీన్ని నవ్వుతూ చెప్పలేను.

భీమప్ప అని కవితాళ పక్క పత్తి రైతు. ఎప్పుడో ముల్లు గుచ్చుకున్న చోట పాదం గడ్డకట్టింది. నొప్పి లేదు కనుక ఊరుకున్నాడు. నా దగ్గరికి వచ్చేసరికి పాదం మీద నాలుగైదు బెజ్జాలు పడి, వాటిలోంచి చీముతో పాటు నల్లనువ్వుల్లాంటి గింజలు రాలుతున్నాయి. ముల్లుతో పాటు మట్టిలోని బూజు లోపలికి పోయి, మెల్లగా ఎముకదాకా తినేసింది. ఆ రోజుల్లో దానికి మందు లేదు. పట్నం పంపితే పాదం తీసేశారు.

కొన్నాళ్ళకు కర్ర పట్టుకుని వచ్చాడు. నా ముఖం చూసి, ఓదార్పు నాకే అవసరమనుకున్నాడేమో, "ఒక్క చెప్పు ఇయ్యమంటే అంగడోడు జతే కొనాలంటడు సారూ, గిదేం అన్యాయం?" అన్నాడు. నేను నవ్వాను. ఇంటికి వెళ్ళాక ఏడ్చాను.

అప్పటి నుంచి ముల్లు గుచ్చుకుని లేచిన గడ్డ ఏది కనబడినా, నొప్పి లేదంటే నాకు భయం, నొప్పి ఉందంటే ధైర్యం. రోగులకు ఇది అర్థమయ్యేది కాదు. వాళ్ళు కెవ్వుమంటే "భేష్" అనేవాణ్ణి.

నన్న కాలు, దొడ్డ ఆనె

మా జిల్లా మైసూరు రాష్ట్రంలో కలిసిన తర్వాత పై అధికారులు ఆ వైపు నుంచి రావడం మొదలైంది. మా మీద ఉన్న పెద్ద డాక్టరుగారిని అందరం పెద్ద సాహేబు అనేవాళ్ళం. మనిషి తెలుపు, బట్టలు తెలుపు, కన్నడం మల్లెపువ్వు. మా వైపు కన్నడం వింటే ఆయనకు కంకర నమిలినట్టుండేది. తెలుగు ఒక్క ముక్క రాదు. మెరిసే నల్లబూట్లు వేసుకుని, ఎప్పుడూ ఎడమకాలి మీద బరువు వేసి ఒక పక్కకు ఒరిగి నిలబడేవారు. పెద్ద ఉద్యోగస్తులు అలాగే నిలబడతారు కాబోలని మా కాంపౌండరు ఖాజామియా కూడా అలా నిలబడటం సాధన చేసేవాడు.

ఆయన చెయ్యి బంగారం. నేను ఆయన దగ్గర నేర్చుకున్నది కాలేజీలో నేర్చుకోలేదు. చెవి మాత్రం తొందరపాటుది. సగం విని మిగతా సగం తానే పూర్తి చేసుకునేవారు.

ఒకసారి తనిఖీకి వచ్చారు. తనిఖీ అంటే నా పని ఆస్పత్రిలో ఉండదు, కాలువ బంగళాలో ఉంటుంది. ఉప్పిట్టులో, అంటే మన ఉప్మాలో, జీడిపప్పు పడిందా లేదా చూడాలి. నేనటు వెళ్ళగానే సత్యం వచ్చాడు.

సత్యం పెద్ద క్యాంపులో కుర్ర రైతు. గోదావరి వైపు నుంచి వచ్చిన కుటుంబం. కుడి అరికాల్లో ఎప్పటి నుంచో ఆనె ఉంది. వచ్చే నెలలో పెళ్ళి. పెళ్ళినాటికి పోవాలని వాళ్ళమ్మ నల్లజీడి గింజ కాల్చి ఆ నూనె చురక పెట్టింది. ఆనె పోలేదు, పాదం మాత్రం బొబ్బలెక్కి చీలమండ దాకా ఉబ్బిపోయింది.

కుర్చీలో పెద్ద సాహేబు. ఎదురుగా సత్యం. తర్వాత జరిగింది ఖాజామియా కళ్ళారా చూసి నాకు చెప్పాడు.

"ఏనప్పా, ఏను తొందరె?" అని అడిగారు సాహేబు, ఏమయ్యా, ఏం బాధ అని.

సత్యం తెలుగులో చెబితే పోయేది. ఖాజామియా తర్జుమా చేసేవాడు. కాని ఇంత పెద్దాయనతో ఆయన భాషలోనే మాట్లాడటం మర్యాద అని వాడికి తోచింది. సంతలో నేర్చుకున్న నాలుగు కన్నడం ముక్కలూ కూడదీసుకుని, తెలియని చోట తెలుగు మాట అతికించి, "నన్న కాలు సార్. ఆనె. దొడ్డ ఆనె" అన్నాడు.

నా కాలికి పెద్ద ఆనె అని వాడి ఉద్దేశం. తెలుగులో ఆనె అంటే అరికాల్లో కాసేది. కన్నడంలో ఆనె అంటే ఏనుగు.

"ఆనెకాలా?" అన్నారు సాహేబు. కన్నడంలో బోదకాలును అలాగే అంటారు.

"హౌదు సార్! ఆనె, కాలు!" అన్నాడు సత్యం, తన కన్నడం అర్థమైందన్న సంతోషంతో.

సాహేబు కిందికి చూశారు. పాదం ఉబ్బి ఉంది. ఊరేదని అడిగారు. "గోదావరి సార్" అన్నాడు. గోదావరి వైపు బోదకాలు ఎక్కువని ప్రతి డాక్టరుకూ తెలుసు. మాట కుదిరింది, వాపు కుదిరింది, ఊరు కుదిరింది. ఇక చెయ్యి పెట్టి నొక్కి చూడటం ఎందుకు? "ఆనెకాలే" అని తేల్చేశారు. క్యాంపు అంతటా దోమలు చంపించమని, నిలిచిన నీటి మీద నూనె పోయించమని హెల్త్ ఇన్‌స్పెక్టరుకు ఆర్డరు వేసి, ఉప్పిట్టు కూడా తినకుండా జీపెక్కి వెళ్ళిపోయారు.

నేను వచ్చేసరికి సత్యం బల్ల మీద కూర్చుని ఉన్నాడు. "పెద్ద డాక్టరుగారు చాలా మంచోరండీ. నేను చెప్పిందంతా విన్నారు" అన్నాడు.

ఊరేగిన ఏనుగు

మరునాడు హెల్త్ ఇన్‌స్పెక్టరు నూనె డబ్బా పట్టుకుని క్యాంపుకు వెళ్ళాడు. అక్కడ కనుచూపు మేర వరిమళ్ళు. అన్నిటిలోనూ నీళ్ళు నిలిచే ఉన్నాయి. గట్టు మీద నిలబడి అటు చూసి, ఇటు చూసి, డబ్బా చూసుకుని తిరిగి వచ్చాడు. "నిలిచిన నీళ్ళంటే ఎక్కడని పొయ్యాలె సార్?" అని నన్ను అడిగాడు. ఆ నూనెతో దవాఖానా లాంతర్లు చాలాకాలం వెలిగాయి.

అసలు నష్టం ఖాజామియా వల్ల జరిగింది. మంచివాడే, కడుపులో మాట దాగదు. చాయ్ హోటల్లో కూర్చుని, "బడా సాబ్ బోలె, క్యాంప్ మే హాథీపావ్ కతె" అన్నాడు. బోదకాలంట అని. హోటలాయన హాథీ, అంటే ఏనుగు, అన్నంతవరకే విని బస్సు కండక్టరుకు "క్యాంపల్లి ఆనె" అన్నాడు. కండక్టరు ఆ మాటను టికెట్లతో పాటు పంచుకుంటూ పోయాడు. సిరవారకు చేరేసరికి క్యాంపులోకి ఏనుగు వచ్చింది. లింగసుగూరు దాటేసరికి అది ఒకణ్ణి తొక్కింది.

రెండు రోజుల తర్వాత ముదగల్ నుంచి ఒక పెద్దమనిషి భార్యను వెంటబెట్టుకుని, అరటిపండ్ల గెల భుజాన వేసుకుని దవాఖానాకు వచ్చాడు.

"ఏనుగు ఏడున్నది డాక్టర్‌సాబ్?"

"ఏ ఏనుగు?"

"గదే, క్యాంపుల పడ్డదంట గద. మా ఆమె పుట్టి బుద్ధెరిగి ఏనుగును చూడలే. చూపిద్దమని బస్సెక్కిచ్చిన."

"ఏనుగు లేదయ్యా. ఎవరో తప్పు చెప్పారు."

ఆయన భార్య వైపు చూశాడు. ఆమె ఆయన వైపు చూసింది. ఆ చూపులో చాలా సంవత్సరాల కాపురం ఉంది. "నేను చెప్పలే?" అన్నది. గెల మోసుకుని మళ్ళీ ముదగల్ పోవడం ఇష్టం లేక ఇక్కడే వదిలేశారు. ఆ వారమంతా వార్డులో అరటిపండ్లే. ఎక్కువ తిన్నది ఖాజామియా.

ఇంతవరకూ నాకూ నవ్వుగానే ఉంది. ఆ సాయంత్రం రంగారావుగారు వచ్చాక నవ్వు పోయింది.

రంగారావుగారు చిన్న క్యాంపు రైతు. సత్యానికి కాబోయే మామగారు. బల్ల మీద కూర్చుని తువ్వాలుతో ముఖం తుడుచుకున్నారు.

"డాక్టరుగారూ, పెళ్ళిలో ఆ కాలు పళ్ళెంలో పెట్టించుకుని కడగాల్సింది నేనండి. పది ఊళ్ళ జనం చూస్తుండగా కడగాలి. రంగారావు బోదకాలు కడిగి పిల్లనిచ్చాడంటే మా గోదావరి దాకా పోద్దండీ మాట. కుర్రాడు బంగారం లాంటోడే, కాదన్ను. మా పద్మక్కూడా ఇష్టమే. కానీ ఆ కాలు నా చేత్తో పట్టుకోలేను."

"అది బోదకాలు కాదండీ. ఆనె. జీడి పెట్టి వాచింది."

"మీరు చెబుతున్నారు, బానే ఉంది. జీపులో వచ్చినాయన అలా చెప్పలేదు గదండీ. ఆయన నోటితో అన్నాడు, ఆయన నోటితోనే కాదనాలి. ముహూర్తం లోపు అనిపించండి. లేకపోతే నా వల్ల కాదు."

ఆ మాట సత్యానికి చెప్పాను. "కాలు పోతే పోనియ్యండి డాక్టరుగారూ. పిల్ల పోకూడదండీ" అన్నాడు.

నాకు భీమప్ప గుర్తొచ్చాడు. ఆనె అని రంగారావుగారితో ధైర్యంగా అన్నాను గాని, నాకే నమ్మకం పూర్తిగా లేదు. ముల్లు గుచ్చుకున్న కాలు. వాపు తగ్గితే గాని లోపల ఏముందో తెలియదు. వాడు పిల్ల గురించి బెంగపడుతున్నాడు, నేను కాలు గురించి.

బ్లేడు పని

వాపు తగ్గడానికి కాలు పైకెత్తి పడుకోమన్నాను. వాళ్ళమ్మను జీడిగింజ డబ్బా తీసుకుని రమ్మని, నా బీరువాలో పెట్టి తాళం వేశాను. ఆమె ఇంకో డబ్బా దాచుకుందని తర్వాత తెలిసింది.

బొబ్బలు మానాయి. పాదం తన రూపానికి వచ్చింది. వేడినీళ్ళలో సబ్బు కలిపి కాలు నానబెట్టించాను. తొందరపడి కోసేవాళ్ళకు ఇదే చెబుతాను: నానబెట్టినంతసేపు కబుర్లు చెప్పండి. సగం వైద్యం అక్కడే అవుతుంది. తర్వాత బ్లేడు దాదాపు పడుకోబెట్టి, ఉల్లిపొర తీసినట్టు పొర తర్వాత పొర తీయాలి. రక్తం కనబడితే మీరు అక్కర్లేని చోటికి వెళ్ళారని అర్థం.

పొరలు తీస్తూ ఉంటే మధ్యలో నల్లచుక్క కనబడింది. నా చెయ్యి ఆగిపోయింది. నల్లగింజేనా? పట్టకారు మొన ఆనించి నొక్కాను. సత్యం కప్పు ఎగిరేలా అరిచాడు.

"భేష్!" అన్నాను.

"భేషేంటండీ బాబూ!" అన్నాడు.

పట్టుకుని లాగాను. తుమ్మముల్లు మొన, చెక్కు చెదరకుండా బయటికి వచ్చింది. గింజ లేదు, బెజ్జం లేదు, చీము లేదు. కడిగి కట్టు కట్టేశాను. ఖాజామియా ఆ ముల్లును పెన్సిలిన్ బుడ్డిలో వేసి బిరడా పెట్టాడు. నాకు ఎంత సంతోషం వేసిందంటే, మిగిలిన అరటిపండ్లన్నీ అతన్నే తినమన్నాను.

పసుపు దారం

కట్టు విప్పిన రోజున సత్యాన్ని సైకిలు వెనక ఎక్కించుకుని, బుడ్డి జేబులో వేసుకుని రంగారావుగారి ఇంటికి వెళ్ళాను. పెద్ద సాహేబు మళ్ళీ వచ్చేలోపు వీళ్ళను కాస్త మెత్తబరచాలని నా ఆలోచన.

వాళ్ళింట్లో అసలు తీర్పు చెప్పేది రంగారావుగారు కాదని అక్కడికి వెళ్ళాక తెలిసింది. వాళ్ళమ్మగారు, మహాలక్ష్మమ్మగారు. ఇంటిల్లిపాదికీ మామ్మ. ఆమె బుడ్డి పట్టుకుని వెలుగులో పెట్టి చూసి, "ముల్లు అందరి కాళ్ళల్లోనూ ఉంటది నాయనా. ఏనుగు మాట చెప్పు" అంది.

"ఏనుగు లేదు మామ్మగారూ. రెండు కాళ్ళూ చూడండి, ఒక్కలా ఉన్నాయి."

"నా కళ్ళు నమ్మను. దారం నమ్ముతాను" అని పసుపు రాసిన దారం తెచ్చింది. సత్యాన్ని అరుగు మీద నిలబెట్టి, కుడి పాదం చుట్టూ తిప్పి ముడి వేసింది. అదే దారం ఎడమ పాదానికి చుట్టింది. చాలలేదు.

మామ్మ కళ్ళు పెద్దవయ్యాయి. "చూశావా? ఎడంకాలికి పాకింది!"

ఎవరి రెండు పాదాలూ సమానంగా ఉండవు. ఇది మీరు గుర్తుపెట్టుకోండి, కాని ఏ మామ్మకూ చెప్పడానికి ప్రయత్నించకండి. నేను చెప్పాను. నిరూపించడానికి నా కాళ్ళు కొలవమన్నాను. కొలిచింది. నా కుడిది పెద్దదిగా తేలింది. మామ్మ నా వైపు జాలిగా చూసి, "నీకెప్పట్నించి నాయనా?" అని అడిగింది. రంగారావుగారు ఆ మాటకు తన కాళ్ళు కుర్చీ కిందికి లాక్కున్నారు.

ఈ గొడవలో పద్మ మజ్జిగ గ్లాసులు తెచ్చింది. పొడుగాటి పిల్ల. మునివేళ్ళ మీద, చప్పుడు కాకుండా వచ్చింది. పెళ్ళికొడుకు ఎదుట సిగ్గుపడుతోందనుకున్నాను. గ్లాసు నాకు ఇస్తూ, మెల్లగా, "ఆనె ఒకళ్ళ నుంచి ఒకళ్ళకు అంటుకుంటదాండీ?" అని అడిగింది.

"అంటుకోదమ్మా. ఏం భయపడకు."

"కోస్తే బాగా నొప్పి పుడతదాండీ?"

"కొంచెం. ఇదిగో, ఈయన్ని అడుగు."

సత్యం ఛాతీ విరిచి, "అస్సలు పుట్టదండీ. నేను చప్పుడే చెయ్యలేదు" అన్నాడు. నేను మజ్జిగ తాగుతూ ఊరుకున్నాను. కాబోయే మొగుడి మీద ఈ పిల్లకు ఎంత శ్రద్ధ అనుకుని ముచ్చట పడ్డాను.

మామ్మ మాత్రం మెత్తబడలేదు. "ఆ జీపాయన వచ్చి చెబితేనే" అని దారం చుట్టచుట్టి కొంగున ముడి వేసుకుంది.

పెద్ద సాహేబు బూటు

ముహూర్తం వారంలోకి వచ్చాక పెద్ద సాహేబు వచ్చారు. ఈసారి నేను బంగళాకు వెళ్ళలేదు. ఉప్పిట్టు హెల్త్ ఇన్‌స్పెక్టరుకు అప్పగించాను. ఆయన జీపు దిగేసరికి వరండాలో సత్యం, రంగారావుగారు, మామ్మ, క్యాంపు జనం సగం నిలబడి ఉన్నారు. ఆయన ఎప్పటిలాగే ఎడమకాలి మీద ఒరిగి నిలబడి, ఏమిటీ గుంపు అన్నట్టు నా వైపు చూశారు.

పై అధికారికి ఆయన పొరపాటు పదిమందిలో చెప్పకూడదు. ఇది ఎవరైనా చెబుతారు. కాని పదిమందిలో చెప్పకపోతే పెళ్ళి నిలబడదు, పదిమంది వింటేనే ఆ మాటకు విలువ. కన్నడంలోనే మొదలుపెట్టాను.

"సార్, ఆ రోజు ఇతను చెప్పిన ఆనె కన్నడం ఆనె కాదు సార్. తెలుగు ఆనె."

"తెలుగు ఆనెగె బేరె కాలు ఇదెయా?" అన్నారు ఆయన. తెలుగు ఏనుగుకు వేరే కాళ్ళుంటాయా అని.

"తెలుగులో ఆనె అంటే మీ ఆణి సార్. అరికాల్లో వచ్చేది." కన్నడంలో దీన్ని ఆణి అంటారు. ఒక్క అక్షరం తేడా.

ఆయన కళ్ళద్దాలు తీశారు. తుడిచారు. మళ్ళీ పెట్టుకున్నారు. సత్యాన్ని కూర్చోమని, పాదం ఒళ్ళో పెట్టుకుని ఈసారి వేలితో నొక్కి, గిల్లి, చీలమండ తడిమి చూశారు. బుడ్డిలో ముల్లు చూశారు. రంగారావుగారు తువ్వాలు మెలిపెడుతున్నారు. సత్యం దేవుడికి మొక్కుతున్నట్టు కళ్ళు మూసుకున్నాడు. నా బదిలీ ఏ ఊరికి అవుతుందా అని నేను ఆలోచిస్తున్నాను.

"మరి కన్నడం ఆనెను తెలుగులో ఏమంటారు?" అని అడిగారు చివరికి.

"ఏనుగు, సార్."

ఆయన భుజాలు కదిలాయి. ముందు దగ్గనుకున్నాను. నవ్వు. ఆ మనిషి నవ్వగా మేమెవరం చూడలేదు. కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వి, నా చెవి దగ్గరికి వంగి, "ఆణికి మీరేం చేశారు?" అని గుసగుసగా అడిగారు. వేడినీళ్ళు, బ్లేడు అని చెప్పాను. ఆయన కుర్చీలో కూర్చుని, మెరిసే నల్లబూటు లేసు విప్పి, కుడికాలి మేజోడు లాగేశారు. చిటికెన వేలి పక్కన, బిగుతు బూటు కాయించిన ఆనె. పెద్ద ఉద్యోగస్తులు ఒరిగి నిలబడటం వెనక రహస్యం అది. ఖాజామియా ముఖం చూడాల్సింది. అన్నాళ్ళ సాధన వృథా అయింది.

మామ్మ ముందుకు వచ్చి వంగి చూసింది. "అయ్యో! ఈయనక్కూడా ఏనుగేనా?" అంది.

అది నేను తర్జుమా చేయలేదు. అవసరం రాలేదు. సాహేబు రంగారావుగారి వైపు తిరిగి, అప్పుడే నేర్చుకున్న తెలుగుతో, "ఏనుగు ఇల్ల. ఆనె. నాకు ఉంది. మదువె మాడి" అన్నారు. ఏనుగు లేదు, పెళ్ళి చెయ్యండని. రంగారావుగారు చేతులు జోడించారు. సత్యం ఒక్క ఉదుటున లేచి వరండా అంతా ఒంటికాలి మీద గెంతాడు, అలవాటు పోక.

పై అధికారుల గురించి చాలామంది చాలా అంటారు. నేను ఒకటే చూస్తాను, తప్పు తెలిశాక ఏం చేస్తాడని. ఆయన బూటు విప్పాడు. ఆ తర్వాత ఆయన ఎంత విసుక్కున్నా నాకు కోపం రాలేదు.

సన్నికల్లు మీద

పెళ్ళి చిన్న క్యాంపులో, కొత్త కళ్ళంలో వేసిన పందిట్లో జరిగింది. రంగారావుగారు ఇత్తడి పళ్ళెంలో సత్యం కాళ్ళు పెట్టించుకుని కడిగారు. కుడికాలు కడిగేటప్పుడు బొటనవేలితో అరికాలు మెల్లగా తడిమి చూసుకోవడం నా కంటపడింది. సత్యానికి చక్కిలిగింత పుట్టి కిసుక్కున నవ్వాడు. "నవ్వకూడదు నాయనా, ఇప్పుడు నువ్వు విష్ణుమూర్తివి" అన్నారు పురోహితుడు. విష్ణుమూర్తి పెదవి కొరుక్కుని కూర్చున్నాడు.

తర్వాత మట్టెలు. పద్మ పాదం సన్నికల్లు మీద పెట్టించారు. సత్యం వంగి ఒక కాలికి తొడిగాడు. రెండో కాలు పట్టుకున్నవాడు ఆగిపోయాడు. అరికాలి కింద వేలు పెట్టి చూశాడు. మళ్ళీ చూశాడు. తల తిప్పి జనంలో నన్ను వెతికి పట్టుకున్నాడు.

"డాక్టరుగారూ! ఇక్కడ దొడ్డ ఆనె అండీ!"

పందిరంతా గొల్లుమంది. మామ్మ ఒక్కతే నవ్వలేదు. "ఎప్పట్నించే?" అని అడిగింది.

"నాట్లప్పట్నించి మామ్మా" అంది పద్మ తల దించుకుని. "ఆయన కాలికే అంత గొడవ చేశారు. నా కాలికీ ఉందని తెలిస్తే నన్నెవరు చేసుకుంటారని చెప్పలేదు."

నవ్వులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. నాకు మజ్జిగ గ్లాసు గుర్తొచ్చింది. సిగ్గనుకున్నాను గాని, ఆ పిల్ల మునివేళ్ళ మీద నడిచింది మడమ కింద ఆనె ఉండబట్టి. అంటుకుంటుందా అని అడిగింది, తన కాలిది అతనికి అంటుతుందేమోనని. సిరవార నుంచి ముదగల్ దాకా మేమంతా ఏనుగు చూసి నవ్వుకున్న ఆ రోజులన్నీ ఆ పిల్ల భయంతో గడిపింది. నా పక్కన నిలబడి రెండు ప్రశ్నలు అడిగితే, కాళ్ళ డాక్టరునై ఉండీ నేను కాళ్ళ వైపు చూడలేదు.

మామ్మ కొంగున ముడి విప్పి పసుపు దారం తీసి, ఏం చెయ్యాలో తెలియక చేతిలో పట్టుకుని నిలబడింది.

సత్యం మట్టె నెమ్మదిగా, ఆనె మీద చెయ్యి ఆనకుండా తొడిగాడు. "కోస్తే నొప్పి పుడతది పద్మా. ఆ రోజు అబద్ధం చెప్పాను, కప్పు ఎగిరేలా అరిచాను" అన్నాడు. "నువ్వూ అరుచుకో. నేను పక్కన కూర్చుంటాను."